దూడగడ్డి కోసం టవరెక్కిన మేధ

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట వెనకటికొకడు. చెట్టు మీద గడ్డేమిట్రా అని గదమాయిస్తే, లేదనే కదా దిగుతున్నా అన్నాడట. తరతరాలుగా ఈ కల్లుదొంగని చూసి నవ్వుకోవడమే గానీ అతని ప్రతిభని ఎవరూ గుర్తించలేదు. అడిగిన వెంటనే జవాబిచ్చాడు. రెండు ముక్కల్లో తేల్చాడు. అడిగినవాడికి అర్థమయ్యే భాషలో చెప్పాడు. రెండో జవాబైతే కళ్ళెదుట జరుగుతున్నదానికి అక్షరాలా సరిపోయింది కూడా, నిజంగానే దిగుతున్నాడు కదా! ‘వివరించగల కృత్రిమ మేధ’ అని ఇప్పుడొక శాస్త్రం ఉంది. మంచి వివరణకి ఆ శాస్త్రం సాధారణంగా పెట్టే పరీక్షల్లో ఇతను ఫస్ట్ క్లాసులో పాసవుతాడు. ముంతలో ఏముందో చూద్దామన్న ఆలోచన మాత్రం ఆ పరీక్షలు పెట్టేవాళ్ళలో కొద్దిమందికే వస్తుంది.

ఈ శాస్త్రానికి ఈమధ్య ఒక పెద్దింటి సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు ఆరో తరం మొబైల్ నెట్‌వర్క్, అంటే 6జీ. అతను ఇంకా పుట్టలేదు, 2030 ప్రాంతంలో పుడతాడని అంచనా. అయినా జాతకం సిద్ధంగా ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2023 నవంబరులో దీని చట్రం ప్రకటిస్తూ ఆరు రకాల వాడకాలు చెప్పింది, అందులో ఒకటి ‘కృత్రిమ మేధ, కమ్యూనికేషన్’ అన్న జంట. మన దేశం అంతకు ముందే, ఆ ఏడాది మార్చిలో, భారత్ 6జీ విజన్ పత్రం విడుదల చేసింది. 5జీలో కృత్రిమ మేధని తర్వాత తెచ్చి అతికించారట, 6జీకి మాత్రం అది కర్ణుడి కవచకుండలాల్లా పుట్టుకతోనే వస్తుందట.

ఇక్కడే పురోహితులకి ఒక సందేహం వచ్చింది. మేధ అంటున్నారు, లోపల ఏం ఆలోచిస్తోందో దాన్ని తయారుచేసినవాళ్ళకే తెలియదు, జనం నమ్మేదెలా? పరిహారం కూడా వాళ్ళే చెప్పారు. ప్రతి నిర్ణయం పక్కనా ఒక వివరణ పెడితే నమ్మకం అదే వస్తుంది. 6జీ మీద వచ్చే పరిశోధన పత్రాల్లో ఈ ‘నమ్మకం’ అనే మాట మాటిమాటికీ వినిపిస్తుంది. నమ్మాల్సింది ఎవరు, దేన్ని, నమ్మి మోసపోతే ఎవర్ని పట్టుకోవాలి అన్న మూడు ప్రశ్నలకి మాత్రం ఆ పత్రాల్లో చోటు తక్కువ.

ముందు వివరణలు వండే పద్ధతి చూడాలి. బజారులో రెండు బ్రాండ్లు బాగా నడుస్తున్నాయి. ఒకటి 2016లో వచ్చిన లైమ్, రెండోది 2017లో వచ్చిన షాప్. ఇంగ్లిషులో లైమ్ అంటే సున్నం అనే అర్థం కూడా ఉంది. ఆ పేరు పెట్టినవాళ్ళ ఉద్దేశం వేరే అయినా, గోడ లోపల ఏముందో ముట్టుకోకుండా పైపైన తెల్లగా చేసే పనికి అంతకన్నా నప్పే పేరు దొరకదు. అసలు యంత్రాన్ని విప్పరు. దానికి ఇచ్చే సమాచారాన్ని అటూ ఇటూ కొద్దిగా మార్చి, జవాబు ఎలా మారుతోందో చూసి, ఆ చుట్టుపక్కల మేరకు దానిలా నడిచే ఒక చిన్న బొమ్మ యంత్రాన్ని చేస్తారు. చివరికి వివరించేది ఆ బొమ్మని.

షాప్ సంగతి ఇంకా ముచ్చటైనది. నలుగురు కలిసి చేపల చెరువు లీజుకి తీసుకున్నారనుకుందాం. ఒకడు డబ్బు పెట్టాడు, ఒకడు మేత తెచ్చాడు, ఒకడు రాత్రి కాపలా కాశాడు, నాలుగోవాడు సలహాలిచ్చాడు. లాభంలో ఎవరి వాటా ఎంత? లాయడ్ షాప్లీ అనే గణితవేత్త 1953లో దీనికి ఒక న్యాయమైన సూత్రం చెప్పాడు. ఒక్కొక్కరూ ఉన్నప్పుడూ లేనప్పుడూ లాభం ఎంతో, సాధ్యమైన అన్ని జట్లలోనూ లెక్కకట్టి సగటు తీయమన్నాడు. 2012లో ఆయనకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. సూత్రం బంగారం. దాన్ని తెచ్చి యంత్రం నిర్ణయానికి తగిలించారు. సిగ్నల్ బలం వాటా ఇంత, రద్దీ వాటా ఇంత, బ్యాటరీ వాటా ఇంత అని రంగురంగుల గీతల పటం వస్తుంది. చిక్కల్లా జట్ల సంఖ్యతోనే. 20 అంశాలుంటే కచ్చితమైన లెక్కకి 10,48,576 జట్లు చూడాలి. 30 అంశాలైతే 107 కోట్లు దాటుతాయి. కాబట్టి అన్నీ చూడరు, కొన్ని చూసి మిగతావి ఉజ్జాయింపు వేస్తారు. అంటే యంత్రం వేసిన అంచనాకి కారణం ఏమై ఉంటుందో ఇంకో అంచనా!

నెట్‌వర్క్‌కి అంత తీరిక ఉందా? ఇప్పుడు వాడుకలో ఉన్న మధ్యశ్రేణి 5జీ తరంగాల్లోనే, ఏ ఫోనుకి ఎంత దారి ఇవ్వాలో సాధారణంగా అర మిల్లీసెకనుకోసారి తేలుతుంది. సెకనుకి 2,000 సార్లు. దానికి పై మెట్టున, టెలికాం కంపెనీల కూటమి ఓరాన్ అలయన్స్ నమూనాలో, టవర్లని అదుపుచేసే మేధకి 10 మిల్లీసెకన్ల నుంచి ఒక సెకను దాకా గడువిచ్చారు. 6జీ ఇంకా వేగంగా ఉంటుందంటున్నారు. ఒక నిర్ణయానికి గీతల పటం తయారై ఇంజినీరు కళ్ళద్దాలు తుడుచుకుని చూసేసరికి ఆ నిర్ణయానికి ముని మునిమనవలు పుట్టి ఉంటారు. తద్దినం రోజున జాతకం చూపించుకోవడమంటే ఇదే.

పోనీ ఆ పటమైనా నిజం చెబుతుందా అంటే, ఆ రంగంలోని వాళ్ళే ఏళ్ళుగా ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టుకుంటున్నారు. 2018లో కొందరు పరిశోధకులు యంత్రం నేర్చుకున్న లెక్కలన్నీ చెరిపేసి చెత్త అంకెలు నింపి చూశారు. కొన్ని ప్రసిద్ధ పద్ధతులు అప్పుడు కూడా దాదాపు అవే వివరణ బొమ్మలు ఇచ్చాయి. మనిషి మారినా జాతకం మారలేదన్నమాట. 2020లో ఇంకొందరు, పక్షపాతంతో నిండిన ఒక యంత్రం లైమ్ ముందు, షాప్ ముందు పెద్దమనిషిలా నటించేలా చేయవచ్చని నిరూపించారు. పరీక్ష కోసం మార్చి పంపిన సమాచారాన్ని అది పసిగడుతుంది, ఆ ఒక్కసారికి బుద్ధిగా నడుచుకుంటుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజే మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే బడికీ దీనికీ తేడా ఏమిటో చెప్పడం కష్టం. 2022 నాటి మరో అధ్యయనం, ఒకే నిర్ణయానికి వేర్వేరు పద్ధతులు వేర్వేరు కారణాలు చెబుతుంటే నిపుణులు ఏం చేస్తారని ఆరా తీసింది. చాలామంది తమకి అలవాటైనదాన్నో, మనసుకి నచ్చినదాన్నో ఎంచుకుంటున్నారు. సింథియా రుడిన్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 2019లోనే ఈ సంత మొత్తానికి విసిగిపోయి, జీవితాల మీద ప్రభావం చూపే నిర్ణయాలకి లోపల ఏముందో కనబడని చీకటిపెట్టెలు వాడి తర్వాత వివరణలు అల్లడం మానండి, మొదటినుంచీ చదివితే అర్థమయ్యే నమూనాలే వాడండి అని వ్యాసం రాసింది. సంత మాత్రం అప్పటికన్నా పెద్దదైంది.

ఈ పద్ధతులన్నీ పనికిరానివని అనడం అన్యాయం. లైమ్ సృష్టికర్తల ప్రయోగమే ఒకటుంది. తోడేలునీ, హస్కీ జాతి కుక్కనీ వేరుచేయమని కావాలనే చెడ్డగా ఒక యంత్రానికి నేర్పారు. తోడేళ్ళ ఫోటోలన్నిట్లో వెనక మంచు ఉండేలా చూశారు. లైమ్‌ని వివరణ అడిగితే, యంత్రం జంతువు వైపు చూడనే లేదని, మంచు కనబడితే తోడేలంటోందని బయటపడింది. భేషైన పని. కానీ ఆ మంచుని మంచుగా గుర్తించినవాడు పక్కన కూర్చున్న మనిషి. పటంలో తెల్లగా మెరిసే ముక్కని చూసి, ఇది మంచు, దీనికీ తోడేలుతనానికీ సంబంధం లేదు అనగలిగే మనిషి ఉన్నంతసేపే వివరణకి విలువ. సెకనుకి 2,000 నిర్ణయాలు తీసుకునే టవరు పక్కన అలాంటి మనిషిని కూర్చోబెడతామని ఏ కంపెనీ అనడం లేదు. మనుషుల్ని తగ్గించడానికే కదా మేధని తెస్తున్నది.

మరి వివరణ ఎవరికి? ఐరోపా చట్టం అడుగుతోంది కాబట్టి 6జీకి ఇది తప్పనిసరి అని చాలామంది దబాయిస్తారు. ఐరోపా సమాఖ్య 2024లో తెచ్చిన కృత్రిమ మేధ చట్టాన్ని తెరిచి చూస్తే తమాషా కనిపిస్తుంది. అందులో 86వ అధికరణం, ప్రమాదకరమైన యంత్రాల నిర్ణయాలకి బలైన మనిషికి వివరణ కోరే హక్కు ఇచ్చింది. ఇస్తూనే ఒక మినహాయింపు పెట్టింది. రహదారులు, నీళ్ళు, కరెంటుతో పాటు కీలకమైన డిజిటల్ మౌలిక వ్యవస్థల భద్రతకి వాడే యంత్రాలకి ఈ హక్కు వర్తించదు. ఇంటిల్లిపాదికీ పిలుపొచ్చింది, పెళ్లికొడుకు తప్ప.

మన వైపు చూస్తే, వివరణ మాట దేవుడెరుగు, తెగిన కాల్‌ని తెగినట్టు ఒప్పించడమే పెద్ద యుద్ధం. 2015 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది. కాల్ తెగితే కంపెనీ వినియోగదారుడికి ఒక రూపాయి ఇవ్వాలి, రోజుకి మూడింటి దాకా, 2016 జనవరి 1 నుంచి. కంపెనీలు సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 2016 మే 11న కోర్టు ఆ నిబంధనని కొట్టేసింది. కారణాల్లో ఒకటి, అందులో పారదర్శకత లేదని! రూపాయి ఇమ్మన్న నియమానికి పారదర్శకత కావాలి, కాల్ తెంపిన టవరుకి అక్కర్లేదు. ఆ రోజుల్లోనే రేడియో లింక్ టైమౌట్ అనే కిటుకు మీద దుమారం రేగింది. సిగ్నల్ పోయాక ‘తెగింది’ అని రాసుకోవడానికి నెట్‌వర్క్ కొంతసేపు ఆగుతుంది. ఆ ఆగే సమయాన్ని పెంచితే, అవతలి మాట వినపడక “హలో, హలో” అని విసిగి మనిషే ఫోన్ పెట్టేస్తాడు. లెక్కల్లో అది తెగిన కాల్ కాదు, సంభాషణ ముగించిన కాల్. ఈ లెక్కలు తిని పెరిగిన మేధని రేపు కారణం అడిగితే ఏం చెబుతుంది? ‘వినియోగదారుడి స్వేచ్ఛ’ అన్న గీత అన్నిటికన్నా పొడుగ్గా చూపిస్తుంది.

రేపటిదాకా ఆగక్కర్లేదు కూడా, మేధ ఇప్పటికే మన నెట్‌వర్కుల్లో కాపురం పెట్టింది. 2024 సెప్టెంబరులో ఎయిర్‌టెల్ తన స్పామ్ పట్టే యంత్రాన్ని ప్రకటిస్తూ, రోజుకి 250 కోట్ల కాల్స్‌ని జల్లెడ పడుతుందని, ఒక్కోదానికి రెండు మిల్లీసెకన్లు చాలని చెప్పింది. ఎవరికి ఎన్నిసార్లు, ఎంతసేపు ఫోన్ చేస్తున్నారన్న అలవాట్లు చూసి ముద్ర వేస్తుంది. బెడద నిజమైనది, మందు అవసరమే. అయితే రోజుకి వందమంది కొత్తవాళ్ళకి ఫోన్ చేసి, పది సెకన్లలో “గేటు దగ్గరున్నా సార్” అని పెట్టేసే కొరియర్ కుర్రాడి అలవాట్లు కూడా కాగితం మీద అలాగే ఉంటాయి. ‘అనుమానిత స్పామ్’ అన్న ముద్ర అతని నంబరుకి పడితే ఆ సంగతి అందరి తెరల మీదా కనబడుతుంది, అతని తెర మీద తప్ప. గీతల పటం కంపెనీ డాష్‌బోర్డులో ఉండవచ్చు. కుర్రాడికి వివరణ అంటే, ఎవరూ ఫోన్ ఎత్తకపోవడమే.

టెలికాం శాఖ వారి అస్త్ర్ అనే యంత్రం ఇంకో మెట్టు పైన ఉంది. సిమ్ కార్డులకిచ్చిన ఫోటోల్లో ఒకే ముఖం ఎన్ని పేర్లతో ఉందో అది పోల్చి పడుతుంది. మొదటి విడతలో 87 కోట్ల కనెక్షన్లు చూసి 40 లక్షలకు పైగా అనుమానించిందని, తనిఖీ తర్వాత 36 లక్షలకు పైగా తీసేశామని 2023లో ప్రభుత్వం చెప్పింది. వాటిలో దొంగ సిమ్ములు బోలెడుండి ఉంటాయి, సందేహం లేదు. కానీ ఫోను మూగబోయిన మనిషికి ‘మీ ముఖం ఫలానా ఫలానా ముఖంతో ఇంత శాతం కలిసింది’ అని ఎవరైనా చెప్పవలసిన నియమం ఉందా అన్నదే ప్రశ్న.

యంత్రం ‘కలిసింది’ అన్నాక విడదీయడం ఎంత కష్టమో తెలంగాణ రేషన్ కార్డుదారులని అడగాలి. 2016 నుంచి కంప్యూటర్ లెక్కల ఆధారంగా రద్దయిన దాదాపు 19 లక్షల కార్డుల్ని మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. వాళ్ళకి కావలసింది షాప్లీ సూత్రం కాదు. ఏ కాగితం చూసి తీసేశారు, ఏ ఆఫీసులో ఎవర్ని కలవాలి, ఎన్నాళ్ళలో తేలుస్తారు, అంతే.

ఇంతకీ అర్థమయ్యే కారణం చెప్పగలిగితే చాలా? కెనడా అనుభవం చూస్తే అదీ చాలదు. 2022 జులై 8, శుక్రవారం తెల్లవారుజామున అక్కడి టెలికాం కంపెనీ రోజర్స్ నెట్‌వర్క్ కుప్పకూలింది. కోటీ ఇరవై లక్షల పైచిలుకు కనెక్షన్లు, దాదాపు 26 గంటలు. ఫోన్లు, ఇంటర్నెట్, దేశమంతా వాడే ఇంటెరాక్ డెబిట్ చెల్లింపులు, ఆఖరికి 911 అత్యవసర కాల్స్ కూడా దెబ్బతిన్నాయి. టొరంటో, బ్రాంప్టన్ తెలుగువాళ్ళకి ఆ రోజు గుర్తుండే ఉంటుంది. నెట్‌వర్క్ నవీకరణని ఏడు దశలుగా చేస్తున్నారు, ఆరో దశలో ఒక రౌటరులో వడపోత నియమం ఒకటి తొలగించారు. అడ్డూ ఆపూ లేకుండా దారుల సమాచారం వరదలా వచ్చిపడి గుండెకాయ లాంటి రౌటర్లు ఉక్కిరిబిక్కిరై పడిపోయాయి.

ఇందులో మేధ ఎక్కడుందీ అంటే, విచారణ నివేదికలో ఒక మూల ఉంది. ఈ పనికి మొదట ‘ఎక్కువ ప్రమాదం’ అని ముద్ర ఉండేది. ముందు దశలు సజావుగా సాగేసరికి, ప్రమాదాన్ని లెక్కకట్టే కంపెనీ సూత్రం ఆరో దశని ‘తక్కువ ప్రమాదం’ కిందకి దించేసింది. దాంతో పైవాళ్ళ నిశిత పరిశీలన తప్పిపోయింది. గమనించండి, ఈ సూత్రం చీకటిపెట్టె కాదు. కారణం చంటిపిల్లాడికి కూడా అర్థమవుతుంది. అయిదుసార్లు వాగు దాటాం, ఏమీ కాలేదు, ఆరోసారీ ఏమీ కాదు. గీతల పటం వేసినా ఇదే ముక్క చక్కగా, రంగుల్లో, నిజాయితీగా చూపించేది. వాగు మీద ఎగువన వాన పడుతోందా అని అడిగే మనిషి ఆ గదిలో లేడు.

తర్వాతి కథ ఇంకా ఘోరం. నెట్‌వర్క్‌ని సరిచేయడానికి వాడే దారి కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంది. ఇంజినీర్లు మాట్లాడుకునే ఫోన్లు కూడా అదే కంపెనీవి. నూతిలో పడ్డవాడికి తాడు నూతి అడుగున భద్రంగా ఉందన్నమాట. పోటీ కంపెనీల సిమ్ములు పంపించి మాట్లాడుకోవలసి వచ్చింది. లోపాల చిట్టా చేతికందేసరికి దాదాపు 14 గంటలు పట్టింది. 6జీలో ఇలాంటి ఘడియ వస్తే, వివరణ ఇచ్చే మేధ కూడా ఆ పడిపోయిన నెట్‌వర్క్ లోపలే ఉంటుంది.

వివరణ అనగానే మనుషులు ఎందుకు మెత్తబడతారో 1978లోనే ఎలెన్ లాంగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక జిరాక్స్ మిషన్ దగ్గర పరీక్షించింది. అయిదు కాపీలు తీసుకోవాలి, ముందు నన్ను పోనిస్తారా అని అడిగితే 60 శాతం మంది సరేనన్నారు. తొందరలో ఉన్నాను అని కారణం చెబితే 94 శాతం. ‘ఎందుకంటే నేను కాపీలు తీసుకోవాలి’ అన్న దూడగడ్డి కారణానికీ 93 శాతం తలూపారు! అయితే అయిదు కాపీలు ఇరవై అయ్యేసరికి ఆ మంత్రం పారలేదు, అసలు కారణం చెబితేనే కొంత ఫలితం కనిపించింది. డాష్‌బోర్డు అమ్మేవాళ్ళు ప్రయోగం మొదటి సగమే చదివినట్టున్నారు.

నిజంగా వివరించడం ఎలా ఉంటుందో చూడాలంటే రోజర్స్ పడిపోవడానికి వారం ముందు జపాన్ వెళ్ళాలి. 2022 జులై 2న కేడీడీఐ అనే మొబైల్ సంస్థ ఒక రౌటరు మారుస్తుండగా పావుగంట పాటు వాయిస్ కాల్స్ దారి తప్పాయి. ఆ పావుగంటలో తెగిపోయిన ఫోన్లన్నీ ఒక్కసారి మళ్ళీ తలుపు తట్టేసరికి నెట్‌వర్క్ ఊపిరాడక, పూర్తిగా తేరుకోవడానికి 61 గంటలు పట్టింది. మర్నాడే కంపెనీ అధ్యక్షుడు తకహషి మకోతో కెమెరాల ముందు కూర్చుని, తలవంచి క్షమాపణ చెప్పి, రౌటరు ఏమైందో, చందాదారుల చిట్టాలు ఎలా తారుమారయ్యాయో, విలేకరుల ప్రశ్నలకి తనే జవాబిచ్చాడు. ఆయన సాంకేతిక పరిజ్ఞానం చూసి, ఫోన్లు పనిచేయక తిట్టుకుంటున్న జనమే మెచ్చుకున్నారు. నెలాఖరుకి కంపెనీ అసలు సంగతి కూడా బయటపెట్టింది. పని చేసినవాళ్ళ చేతిలో ఉన్నది పాత సూచనల కాగితం. ఏ షాపూ ఏ లైమూ గీత గీసి చూపించలేని కారణం అది. ఆపైన సుమారు మూడున్నర కోట్ల మంది చందాదారులకి, అడిగినా అడగకపోయినా, బిల్లులో తలా 200 యెన్లు తగ్గించారు. అప్పటి మారకం లెక్కన అది వంద రూపాయల పైమాటే. మన కోర్టు కొట్టేసింది ఒక్క రూపాయిని.